ఊటనీళ్ల దావా

"చెప్పమ్మా. ఆ రోజు పైచేలో బోరు బండి ముందు నిలబడి నేనేమన్నానో లాయరమ్మగారికి చెప్పు."

కుస్తోదియా చెప్పలేదు. ఒళ్లో చిక్కుడుకాయల చాట పెట్టుకుని, ఒక్కో కాయనీ బొటనవేలి గోటితో చీల్చి గింజలు గిన్నెలో రాలుస్తోంది. ఎనభై దాటిన చేతులు. వణుకుతున్నాయి గాని ఆగడం లేదు.

"అమ్మా, నిన్నే."

గింజలు గిన్నెలో టపటపా రాలాయి. వంటింటి మూలనున్న రాతి తొట్టిలోకి ఊటనీళ్లు సన్నగా పడుతున్నాయి. ఆ వేళ పైచేలో తన కొడుకు పనికి కూతురు అడ్డంపడినప్పటి నుంచీ కుస్తోదియా ఇంతే. పిలిస్తే పలకదు. పెడితే తింటుంది.

లాయరు ఫిలిపా పెన్నుకు మూత పెట్టింది. చిన్న పిల్ల, ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. పట్నం నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో లామాస్ కొండ ఎక్కి వచ్చింది. ముఖం ఇంకా కందిపోయే ఉంది.

"పోనీలెండి, జుల్మిరాగారూ. ఆవిణ్ణి మాట్లాడించకండి. నేనే మరోసారి చెబుతాను, వింటే చాలు." కుర్చీ ముసలామె దగ్గరికి జరుపుకుంది. "కుస్తోదియమ్మగారూ, ఊట ఎవరిదన్నది రేపు జడ్జిగారు తేల్చరు. అది అసలు దావా. దానికి ఏళ్లు పడుతుంది. ఆ దావా తేలేదాకా బోరు ఆగాలా అక్కర్లేదా, రేపటి సంగతి అంతే. మీ అమ్మాయి బండి ముందు నిలబడి నోటిమాటతో పని ఆపించింది చూశారూ, మన చట్టంలో దానికి దారుంది. పని చేయించే మనిషితో ఇద్దరు సాక్షుల ఎదుట 'ఆపు' అంటే ఆపాల్సిందే. కానీ కోర్టు ముద్ర పడేదాకా అది గాలిమాటే. ఆ మాట విన్నామని ఇద్దరూ వచ్చి చెబితేనే జడ్జిగారు ముద్ర వేస్తారు. తేనెటీగలు పెంచే బెల్మీరోగారు చెబుతానన్నారు. ఇంకొకరు మీరు."

"ఆ పొద్దున ఊరంతా సంతకి పోయింది," అంది జుల్మిరా, ఎవరో నిలదీసినట్టు. "ఉన్నది వీళ్లిద్దరే. లేకపోతే కన్నతల్లిని కోర్టుకీడ్చే ముచ్చట నాకుందా?"

ఫిలిపా తల ఊపింది. "సాక్ష్యం నిలబడితే జడ్జిగారు తూకం వేస్తారు. ఆపితే మీ అబ్బాయి ఫిర్మీనోగారికేం నష్టం? ఆపకపోతే మీ అమ్మాయికేం నష్టం? తర్వాతెప్పుడైనా పూడ్చగలిగే నష్టమైతే కోర్టు చెయ్యి పెట్టదు. ఎవరూ ఎన్నటికీ పూడ్చలేనిదైతేనే ముందుగా అడ్డుపడుతుంది. కొండలోపల రాయి చిట్లి ఊట కిందికి జారిపోయిందనుకోండి, దావా గెలిచి మాత్రం ఏం లాభం? ఆ నీళ్లని వెనక్కి తెచ్చే జడ్జి ఎవరున్నారు? అదే మన బలం."

కుస్తోదియా చేతులు ఆగాయి. ఇన్నాళ్లకి మొదటిసారి తలెత్తి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"పూడ్చలేనిది," అంది.

"అవునమ్మా. పోతే మళ్లీ రానిది."

ముసలామె తల దించుకుని మరో కాయ చీల్చింది.

అమ్మకి అర్థమైందనుకుంది జుల్మిరా. సరిగ్గా అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది.

తమ్ముడి భార్య ఒదెత్. చేతులకి సున్నం, జుట్టుకి గుడ్డ. గోడలకి వెల్ల వేస్తూ వేస్తూ వచ్చేసినట్టుంది.

"ఏం అత్తయ్యా, ఈ వయసులో చదువు మొదలెట్టారా?" అంది. "పట్నం నుంచి పంతులమ్మని రప్పించింది మా వదిన. బాగా వల్లెవేయండి. రేపు మీ కొడుకు పీక మీద అప్పజెప్పాలిగా."

"తలుపు కొట్టి రావడం మీ పుట్టింట్లో నేర్పలేదనుకుంటా," అంది జుల్మిరా.

"నేర్పారు, మనుషులుండే ఇళ్లకి."

"ఒదెత్!"

"అరవకు వదినా. అరుపులు నాకూ వచ్చు. యాత్రికులకి అద్దెకిచ్చే గదులకి అనుమతివ్వాలంటే నీళ్లు చూపించమంటున్నారు పంచాయతీ వాళ్లు. మా మిల్లు మూతపడ్డాక ఆయన చేతిలో ఏముంది? ఇంటిని బాంకులో పెట్టి ఆ రాతిగోడలకి ప్రాణం పోశాం. నీళ్లు లేని ఇంట్లో ఎవడు దిగుతాడు?"

"నీళ్లివ్వనన్నానా? గొట్టం వేసుకోండి, వంతు పెట్టుకుందాం అన్నాను. మీ ఆయనే విన్లేదు."

"ఏం వంతు? నీ ఆవులు తాగి మూతి తుడుచుకున్నాక మిగిలిందా? ఈతకొలను దేంతో నింపుతాం, చెంబుతోనా?"

"ఆ ఈతకొలను ఎవడడిగాడే?" జుల్మిరా గొంతు లేచింది. "మా తాత మోకాళ్ల మీద పాకుతూ కొండ కడుపులోకి సొరంగం తవ్వాడు. ఆ ఊట మీదే నా చేను పచ్చగా ఉంది. ఆ నీళ్లలో పట్నపోళ్లు పిర్రలు కడుక్కోవడానికా?"

ఫిలిపా దగ్గి, కాగితాలు సర్దుకుంది.

ఒదెత్ నవ్వలేదు, తిట్టలేదు. మెల్లగా అంది. "నువ్వు ఒంటి ప్రాణానివి వదినా. పెళ్లీ పెటాకులూ లేవు. ఊట పోయినా ఆవులమ్ముకుని బతుకుతావు. ఇది పోతే ఆయనకి మిగిలేదేంటో నువ్వే చెప్పు."

ఒదెత్ అత్తగారి వైపు తిరిగింది. "రేపు ఆయన కళ్లల్లోకి చూస్తూ చెప్పండి అత్తయ్యా. అదొక్కటే అడుగుతున్నా." తలుపు వేయకుండానే వెళ్లిపోయింది.

కుస్తోదియా లేచి, గిన్నెలో గింజలు కడగడానికి తొట్టి దగ్గరికి నడిచింది.

*

సాయంత్రం ఆవుల్ని తోలుకొచ్చేసరికి పెద్ద తొట్టి గట్టు మీద ఫిర్మీనో కూర్చుని ఉన్నాడు.

జుల్మిరా ఆవుల్ని తొట్టి వైపు వదిలింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి అలా మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంటే ఆమెకి పలకా బలపం పట్టుకున్న తమ్ముడే కనిపిస్తాడు. అమ్మ చేలో పడి ఉండే రోజుల్లో వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడికి మొదటి రొట్టెముక్క నమిలి పెట్టింది ఆమే.

"రేపు ఏ బట్టలేసుకుంటున్నావక్కా?" అన్నాడు. "నాన్న చావుకి కట్టుకున్న నల్లవేనా?"

"అవే. వేరేవి కుట్టించుకునే తీరిక నువ్విస్తే గదా."

ఫిర్మీనో నవ్వాడు. నవ్వు సగంలోనే ఆరిపోయింది. ఆవులు ఇద్దరి మధ్యా మూతులు ముంచి తాగుతున్నాయి.

"కిందిచేలో వేసుకోరా బోరు," అంది జుల్మిరా. గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినపడింది. "నా చేనే. రాసిస్తాను కావాలంటే."

"కిందంతా మొండిరాయి. బోరు వాడు చూశాడు. జల ఉందంటే పైన, సొరంగం పక్కనే ఉందన్నాడు."

"అంటే నా ఊట దగ్గరే ఉందని తెలిసే పొడుస్తున్నావన్నమాట."

గట్టు మీది నాచుని గోటితో గీకుతూ ఉండిపోయాడు.

"నాన్న పంపకాలప్పుడు ఏమన్నాడు? ఆ రాతి ఇల్లూ పైచేనూ నీకు, కిందిచేనూ ఊటనీళ్లూ దానికి అన్నాడా లేదా? నువ్వు ఆ మంచం పక్కనే ఉన్నావు."

"ఉన్నాను. ఊటనీళ్లు నీకన్నాడు. పైచేను అడుగున ఏముందో అది ఎవరిదో చెప్పకుండానే పోయాడు."

"ఇవి నీ లాయరు నేర్పిన మాటలు."

"నీకు నీ లాయరు నేర్పలేదూ?"

లోయలో చర్చి గంట మోగింది. ఫిర్మీనో లేచి, గొట్టం కింద దోసిలి పట్టి తాగాడు, తడిచేతులు ముఖానికి రాసుకున్నాడు.

"గెలిస్తే నువ్వే గెలువక్కా," అన్నాడు. "నాకైతే ఓడిపోడానికి కూడా ఇంకేం మిగల్లేదు."

జుల్మిరాకి ఒళ్లు మండింది. చిన్నప్పుడూ అంతే. అన్నం మీద అలిగితే ఇలాగే జాలిమాటలు మాట్లాడి తన వాటాలోంచి సగం లాక్కునేవాడు. "ఆ నాటకాలు నీ పెళ్లాం దగ్గరాడు," అనేసి, ఆవుల్ని అదిలించుకుంటూ కొట్టం వైపు వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగి చూడలేదు.

*

బెల్మీరో తన తేనెపెట్టెల వ్యానులో ఇద్దర్నీ కోర్టుకి తీసుకెళ్లాడు. కుస్తోదియా తనే లేచి, నల్ల బట్టలు కట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని సిద్ధంగా కూర్చుంది. అది చూసి జుల్మిరాకి ధైర్యం వచ్చింది.

వరండాలో ఉన్నది ఒకటే బల్ల. ఆ చివర ఫిర్మీనో, ఒదెత్, వాళ్ల తెల్లమీసాల లాయరు. ఈ చివర జుల్మిరా, ఫిలిపా, బెల్మీరో. మధ్యలో కుస్తోదియా. ఎటూ జరగలేదు. ఎవరి వైపూ చూడలేదు.

లోపలికి పిలిచాక సాక్షులు బయటే ఉండిపోయారు. ముందు బెల్మీరో వచ్చాడు. టోపీ చేతుల్లో నలుపుతూ, చూసింది చూసినట్టే చెప్పాడు. జుల్మిరమ్మ చెయ్యెత్తి అడ్డంగా నిలబడి బండి ఆపింది. "ఫిర్మీనో, ఈ పని నా ఊటకి చేటు. చట్టం పేర చెబుతున్నా, ఆపు. వీళ్లిద్దరూ సాక్షులు," అంది. ఫిర్మీనో పని ఆపించాడు.

తెల్లమీసాల లాయరు లేచాడు. "మీ తేనెపెట్టెలు తన గట్టు మీంచి తీసెయ్యమని ఫిర్మీనోగారు నిరుడు మిమ్మల్ని అడిగారా లేదా?"

"అడిగాడు. తీసేశాను."

"సంతోషంగానే తీశారా?"

"తేనెటీగల్నడగండి బాబూ," అన్నాడు బెల్మీరో. "నాకు మాత్రం ఆ కోపం ఇక్కడిదాకా లేదు. నేను విన్నది విన్నాను."

జడ్జిగారు రాసుకున్నారు. కళ్లజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ, నెమ్మదైన గొంతు. జుల్మిరా ఫిలిపా వైపు చూసింది. ఫిలిపా కళ్లతోనే ఫరవాలేదంది.

తర్వాత కుస్తోదియా వచ్చింది. కర్ర చప్పుడు గది చివరిదాకా వినిపించింది.

"కూర్చోండమ్మా," అన్నారు జడ్జిగారు. "మీరు ఇద్దరికీ తల్లి. పిల్లల తగాదాలో సాక్ష్యం చెప్పమని చట్టం తల్లిని బలవంతపెట్టదు. చెప్పనంటే ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు."

ఫిర్మీనో నేల వైపు చూస్తున్నాడు.

"చెబుతాను," అంది కుస్తోదియా.

ఎన్నాళ్ల తర్వాతో అంత గట్టిగా పలికిన ఆ గొంతు జుల్మిరా కళ్లల్లో నీళ్లు తెప్పించింది. తల్లి తన గౌరవం మీద ప్రమాణం చేసింది. ఫిలిపా దగ్గరికొచ్చి మెత్తగా అడిగింది.

"ఆ పొద్దున మీరు పైచేలో ఉన్నారా అమ్మా?"

"ఉన్నాను."

"బోరు బండి చూశారా?"

"అంత బండి కనపడకపోతే గుడ్డిదాన్నే."

"మీ అమ్మాయి బండి ముందు నిలబడి ఫిర్మీనోగారితో ఏమంది?"

కుస్తోదియా పెదవులు తడుపుకుంది. కూతురి వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. జడ్జిగారి బల్ల మీది నీళ్లగ్లాసుని చూస్తూ చెప్పింది.

"నాకు వినపడలేదు."

జుల్మిరా సగం లేచింది. ఫిలిపా చేత్తోనే ఆపింది.

"వినపడలేదా? మీరు ఎంత దూరంలో ఉన్నారు?"

"పక్కనే. బండి చప్పుడు."

"బండి అప్పటికి ఆగిపోయింది కదమ్మా?"

"నా చెవుల్లో ఆగలేదు."

"పోనీ, మీ అమ్మాయి చెయ్యెత్తడం చూశారా?"

"మా అమ్మాయి ఎప్పుడూ చెయ్యెత్తే మాట్లాడుతుంది."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. జుల్మిరా చెవుల్లో రక్తం హోరెత్తింది. రెండు వీధుల అవతల కోడి గుడ్డు పెడితే ఎవరి కోడో చెప్పే మనిషి ఈవిడ. గుసగుసగా తిట్టుకున్నా పొయ్యి దగ్గర్నుంచి జవాబిచ్చే మనిషి.

"నిజంగా ఏమీ వినలేదా అమ్మా?" ఈసారి అడిగింది జడ్జిగారు.

"ముసలిదాన్ని తల్లీ. నాకు వినపడదు."

ఇంకెవరూ ఏమీ అడగలేదు.

కాసేపటికి జడ్జిగారు గుమస్తాకి చెప్పి రాయించారు. నోటిమాటతో పని ఆపించే హక్కు చట్టం ఇచ్చిందనీ, ఇద్దరు సాక్షుల ఎదుట ఆ మాట స్పష్టంగా చెప్పాలన్నది అందులో షరతనీ, ఒకరు విన్నారనీ, రెండోవారు వినలేదనీ. అందుచేత నిలుపుదలని ఖాయం చేయడం కుదరదనీ. "ఊటనీటి మీద జుల్మిరాగారి హక్కు గురించి ఈ కోర్టు ఏమీ తేల్చలేదు. ఆమె అసలు దావా వేసుకోవచ్చు," అని ముగించి, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు.

గెలిచిన ముఖాలు ఎలా ఉంటాయో చూద్దామని జుల్మిరా తల తిప్పింది. ఒదెత్ చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తోంది. ఫిర్మీనో ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. తల్లినే చూస్తున్నాడు, ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు.

వరండాలో ఫిలిపా గబగబా మాట్లాడింది. "ఇవాళే ఇంకో అర్జీ రాస్తాను. సాక్షుల షరతు లేని దారి కూడా ఉంది. భూగర్భం తెలిసిన ఇంజనీరు చేత రాయించి, ఊట పోయే ప్రమాదం ఉందని..."

"అది విచారణకొచ్చేసరికి?"

"కొన్ని రోజులు."

"బోరు వేయడానికి?"

ఫిలిపా చేతిలోని కాగితాలు మడిచింది.

"ఒక్క పగలు చాలమ్మా," అంది జుల్మిరా.

*

బెల్మీరో వాళ్లని వాకిట్లో దింపి, ఏదో అనబోయి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

వంటింట్లోకి రాగానే జుల్మిరా చేతిసంచి నేలకేసి కొట్టింది.

"వినపడలేదా? నీకు? నీకా వినపడనిది!"

కుస్తోదియా తలగుడ్డ విప్పి, మడత పెట్టి, కుర్చీ వీపున వేసింది.

"వినపడింది," అంది. "ప్రతి మాటా వినపడింది."

"మరి దేవుడి లాంటి జడ్జి ముందు..."

"కూర్చో."

"కూర్చోను! కొడుకని వెనకేసుకొచ్చావు. పోనీ, నోరు మూసుకుని లేచిపోవచ్చన్నారుగా, అదైనా చెయ్యలేకపోయావా? నా పక్కన నిలబడి, ప్రమాణం చేసి మరీ నా గొంతు కోశావే!"

"నేను లేచిపోతే, తల్లి కొడుకు మీద చెప్పలేక లేచిపోయిందని ఆవిడకి తెలిసిపోదూ? నువ్వు ఆ మాట అన్నావని ఆవిడ నమ్మేది. వినపడలేదంటేనే పని జరుగుతుంది." ముసలామె కుర్చీలో కూలబడింది. "నాకు చదువు లేదు గాని, ఆ పాటి తెలుసు."

జుల్మిరా నేల మీది సంచిని కాలితో పక్కకి తోసింది.

"ఆ పిల్ల నిన్న చెప్పింది చూడూ. పూడ్చగలిగేది, పూడ్చలేనిది. నేను దాన్నే తూకం వేశాను." కుస్తోదియా కర్రని కుర్చీకి ఆనించింది. "ఈస్టరు ముందు మూసేసిన మిల్లుకి రొట్టె పట్టుకెళ్లాను. వాడక్కడ ఒక్కడే కూర్చునున్నాడు. ఏ తలపుతో కూర్చున్నాడో కన్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? నన్ను చూసి ఏదో వెనకాల దాచాడు. నేను చూడనట్టే ఉన్నాను. తిను నాయనా అన్నాను. తిన్నాడు. తిన్నంతసేపూ ఏడ్చాడు."

తొట్టిలో నీళ్లు పడుతున్నాయి.

"ఆ గదుల పని మొదలెట్టాకే వాడు మళ్లీ గడ్డం గీసుకున్నాడు," అంది కుస్తోదియా.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కోర్టుకెక్కేదానివి కాదు. నీళ్లొదిలేసి, బతికినంత కాలం వాణ్ణి లోపల్లోపల తిట్టుకునేదానివి. ఇప్పుడు నన్ను తిట్టుకో. నేనింకెన్నాళ్లుంటాను గనక."

జుల్మిరా గోడకి చేరబడింది. నిన్న సాయంత్రం తొట్టిగట్టు మీద తమ్ముడన్న మాట చెవిలో మోగింది. నాటకమంది తను. జాలి వేసింది. ఆ జాలి కిందనుంచి అంతకన్నా పెద్దగా, నల్లగా మరొకటి లేచింది.

"నా నీళ్లు పెట్టి వాడి ప్రాణం కొన్నావు," అంది. "నన్నడక్కుండా."

"అవును."

"ఈ చేను నా పెళ్లి, నా మొగుడు, నా పిల్లలు. నీకు తెలుసది. తెలిసే వాడి వైపు తూచావు. నేను నీ కూతుర్ని కానా అమ్మా?"

కుస్తోదియా నోరు తెరిచింది. మాట రాలేదు. ఈసారి ఆ మౌనం మొండితనం కాదని జుల్మిరాకి తెలిసింది. తెలిసినా దగ్గరికి వెళ్లలేదు. పాలబిందె తీసుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది.

*

పొద్దున్నే బోరు బండి మొదలైంది.

ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే పైచేకి ఎక్కారు. జుల్మిరా వెళ్లలేదు. మొక్కజొన్నలో వంగి కలుపు తీస్తూనే ఉంది, తీయడానికి కలుపు లేకపోయినా. కొండ లోపల్నుంచి ఆ దడదడ అరికాళ్లలోకి పాకుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా తెల్లటి రాతిపొడి వచ్చి ఆకుల మీద వాలుతోంది. తాత సొరంగం మధ్యలో ఒక చోట గోడకి చెవి ఆనిస్తే నీటి చప్పుడు వినపడేది. చిన్నప్పుడు తమ్ముణ్ణి భుజాలమీద కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లేది. కొండకి కడుపులో గుడగుడ అనేవాడు వాడు.

మధ్యాహ్నం దాటాక కాలువలో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

తర్వాత సన్నబడ్డాయి.

జుల్మిరా కాలువ వెంబడి పైకి పరుగెత్తింది. పెద్ద తొట్టి దగ్గరికొచ్చేసరికి గొట్టం కొసన బొట్టు బొట్టుగా రాలుతోంది. ఆమె చెయ్యి పట్టింది. ఒక బొట్టు పడింది. ఇంకొకటి పడటానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాతది పడలేదు.

ఏడుపు రాలేదు. చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది.

పైనించి బెల్మీరో దిగివస్తున్నాడు. టోపీ చేతిలో ఉంది.

"వాడికైనా పడిందా అన్నా?" అంది జుల్మిరా.

బెల్మీరో తల అడ్డంగా ఊపాడు. "చివరిదాకా దింపారు. దుమ్ము తప్ప తడి లేదు. మధ్యలో ఎక్కడో పెద్ద పగులు తగిలిందట, బోరు వాడే అన్నాడు. ఊటంతా ఆ పగుల్లోకి దిగి ఎటో పోయిందట. ఎటో ఆ దేవుడికే తెలియాలి." ఎండిన గొట్టం వైపు చూశాడు. "నీకూ లేవమ్మా, వాడికీ లేవు."

బోరు బండి చప్పుడు ఆగిపోయింది. కొండ మీద అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు.

జుల్మిరా ఇంటికొచ్చింది. కుస్తోదియా నీళ్లు పడటం ఆగిన తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునుంది. ముఖం వాకిలి వైపే ఉంది. ఆమె ఒక్క మాటే అడిగింది.

"వాడికి పడిందా?"

చూశావా నీ తూకం, అని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చింది జుల్మిరా. నాలుక చివరి దాకా వచ్చింది. తల్లి కళ్లు చూసింది.

"లేదమ్మా," అంది.

కుస్తోదియా కళ్లు మూసుకుంది.

ఎవరో తలుపు కొట్టారు. ఒదెత్. మొన్నటి మనిషి కాదు. గడప అవతలే నిలబడిపోయింది. తలగుడ్డ జారి భుజాల మీద పడింది.

"వదినా, ఆయన ఇక్కడికొచ్చారా?"

"లేదే. పైనే ఉన్నాడుగా?"

"బండివాళ్లు సామాను సర్దుతుంటే పక్కనే ఉన్నారు. ఎవరితోనూ మాట్లాడలేదు. చేతులు కడుక్కొస్తానని వెళ్లారు. నేనూ సరేనన్నాను." ఒదెత్ తలుపు చెక్క పట్టుకుంది. "తర్వాత తట్టింది వదినా. ఎక్కడ కడుక్కుంటారు? కొండ మీద చుక్క నీళ్లు లేవు గదా!"

కర్ర నేల మీద పడ్డ చప్పుడైంది. కుస్తోదియా లేచి నిలబడి ఉంది, ఏ ఆసరా లేకుండా.

"మిల్లు తాళం ఎవరి దగ్గరుందే?" అంది కోడలితో.

"ఆయన దగ్గరే. ఎందుకత్తయ్యా? ఎందుకలా చూస్తున్నారు? చెప్పండి!"

జవాబు కోసం ఒదెత్ జుల్మిరా వైపు తిరిగింది. జుల్మిరా అక్కడ లేదు. చెప్పులు గడపలోనే ఉన్నాయి. వట్టికాళ్లతో మిల్లు దారిలో కిందికి పరుగెడుతూ, ఊరంతా మారుమోగేలా తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది.

ఎటునుంచీ పలుకు రాలేదు.